మౌనం అర్ధాంగీకారమేనా?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



రేడియోలో మాట్లాడమని పిలిచి, మౌనం అనే మాట గురించి మాట్లాడమన్నారు. ఈ సంగతి చెప్పగానే మా ఇంటిల్లిపాదీ నవ్వారు. "పావుగంట సేపు నువ్వు నోరు విప్పకుండా కూర్చుని వచ్చెయ్యి. ప్రసంగం అయిపోయినట్టే" అన్నారు మావారు. కాని రేడియోలో ఆ సదుపాయం లేదండీ. స్టూడియో తలుపు మూస్తే ఎంత నిశ్శబ్దమంటే, నా గాజుల చప్పుడు నాకే పెద్దగా వినిపిస్తుంది. కాగితం తిప్పినా గరగరమంటుంది, నెమ్మదిగా తిప్పమని ముందే హెచ్చరించారు. అలాగని ఎర్రదీపం వెలిగాక ఊరుకోవడానికీ వీల్లేదు. నేనో పది సెకన్లు మాట్లాడకపోయానంటే, రేడియో పాడైందనుకుని మీరు దాని నెత్తిన ఒక్కటి వేస్తారు.

చూశారా, ఈ నాలుగు ముక్కల్లోనే మూడు మాటలు వచ్చేశాయి. మౌనం, నిశ్శబ్దం, ఊరుకోవడం. మూడూ ఒకటే అన్నట్టు వాడేస్తూ ఉంటాం. ఒకటి కాదు. ఒకదాన్ని చూసి ఇంకొకటనుకోవడం వల్ల మన ఇళ్ళల్లో, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, ఎంత పొరపాటు జరుగుతుందో చెప్పాలనే ఇవాళ వచ్చాను.

ముందు నిశ్శబ్దం సంగతి చూద్దాం. ఇది సులువు. శబ్దం లేకపోవడం నిశ్శబ్దం. ఫలం లేనిది నిష్ఫలం, దోషం లేనిది నిర్దోషం అన్నట్టే. శబ్దమన్న మాటే మన నోళ్ళలో అరిగి సద్దు అయింది. రాత్రి పిల్లలు పడుకుని, వంటింట్లో గిన్నెలు బోర్లించి, వీధి తలుపు గడియ వేశాక, "ఇప్పటికి ఇల్లు సద్దుమణిగింది" అంటాం కదా, మన ఇంటి నిశ్శబ్దమంటే అదే. దీన్ని ఎవరూ పనిగట్టుకుని చేయనక్కరలేదు. అదే అలుముకుంటుంది, అదే రాజ్యమేలుతుంది, ఎవరో తలుపు తడితే అదే చెదిరిపోతుంది. మనుషులు లేని ఇంట్లోనూ నిశ్శబ్దం ఉంటుంది. కాని మనుషులు లేని చోట మౌనం ఉంటుందా? ఉండదు. మౌనానికి ఒక మనిషి కావాలి. అందుకే మౌనం వహించాడంటాం, మౌనం పాటించిందంటాం. ఏటా జనవరి 30వ తేదీన, గాంధీగారు పోయిన రోజున, పదకొండు గంటలకు రెండు నిమిషాలు మౌనం పాటించమంటారు గాని, నిశ్శబ్దం పాటించమని అంతగా అనరు.

ఇక ఈ మౌనం ఎక్కడినుంచి వచ్చింది? ముని అనే మాటనుంచి వచ్చింది. గురువుకుండే గుణం గౌరవం, శుచిగా ఉండడం శౌచం. అలాగే మునిగా ఉండడం మౌనం. మరి ముని ఎవరు? నోరు మూసుకున్నవాడని కాదు అర్థం. 'మన్' అనే ధాతువుకు తలచడం, ఆలోచించడం అని అర్థమని, ముని అనే మాట దానినుంచే పుట్టిందని మన పండితులు చెబుతారు. మనస్సు, మననం, మతి అన్నీ ఆ ఇంటి పిల్లలే. అంటే ముని అనగా మననం చేసేవాడు. ఆలోచనలో మునిగినవాడు మాట్లాడడు కనక, మాట్లాడకపోవడానికే ఆ పేరు స్థిరపడిపోయింది. అసలు మొదట ఉన్నది ఆలోచన. మాట మానడం దాని వెనక వచ్చింది.

భగవద్గీత పదిహేడో అధ్యాయంలో తపస్సును మూడు రకాలుగా చెప్పారు. శరీరంతో చేసేది, మాటతో చేసేది, మనసుతో చేసేది. మౌనం ఎందులో ఉంటుందనుకుంటారు? మాటతో చేసే తపస్సులో ఉంటుందనే నేనూ అనుకున్నాను. తీరా చూస్తే అక్కడ లేదు. మాటతో చేసే తపస్సంటే ఎదుటివారిని నొప్పించకుండా, నిజమూ ప్రియమూ హితమూ అయినది పలకడమట. మౌనాన్ని మాత్రం మనసుతో చేసే తపస్సులో చేర్చారు. నోటికి తాళం వేసుకుని లోపల కుతకుతలాడిపోతుంటే అది మౌనం కాదన్నమాట.

పెద్దలెవరి మౌనం చూసినా అందులో జవాబు ఉంటుంది. దక్షిణామూర్తి కథ మీకు తెలిసిందే. మర్రిచెట్టు కింద గురువు పడుచువాడు, శిష్యులు ముసలివారు. ఆయన నోరు విప్పి చెప్పింది లేదు, వాళ్ళకు తీరని సందేహం లేదు. రమణ మహర్షి 1896లో తిరువణ్ణామలై చేరిన తరవాత మొదటి కొన్నేళ్ళు దాదాపు మాట్లాడలేదు. కాని ఎవరైనా వచ్చి ఆర్తితో అడిగితే రాసి చూపించేవారు. 1907లో మన తెలుగువారు, బొబ్బిలి ప్రాంతంలో పుట్టిన కావ్యకంఠ గణపతి మునిగారు వెళ్ళి, తపస్సంటే ఏమిటో తెలియడం లేదని కాళ్ళమీద పడితే, ఆయనకు నోటితోనే సమాధానం చెప్పారు. రమణ మహర్షి అన్న పేరు పెట్టింది ఈ గణపతి మునిగారే. గాంధీగారు సోమవారాలు మౌనం పాటించేవారు. 1947 జూన్ 2వ తేదీ సోమవారం అయింది. దేశ విభజన మాట తేల్చే ఘట్టం. వైస్రాయి మౌంట్‌బాటెన్‌ని కలిసినప్పుడు కూడా ఆయన నోరు విప్పలేదు. తను చెప్పదలచుకున్నది పాత కవర్ల వెనక రాసి ఇచ్చారు. నోరు కట్టుకున్నారు గాని, జవాబు ఎగ్గొట్టలేదు.

ఆచారంలోనూ మౌనానికి చోటుంది. పుష్య బహుళ అమావాస్యను మన గోదావరి జిల్లాలవారు చొల్లంగి అమావాస్య అంటారు, సముద్రస్నానానికి బండ్లు కట్టుకుని వెళ్ళేవారు. అదే రోజును ఉత్తరాదివారు మౌని అమావాస్య అని, మాట్లాడకుండా ప్రయాగలో మునుగుతారు.

ఇవన్నీ ఎవరికి వారు ఎంచుకున్న మౌనాలు. ఇక మూడోది ఉంది, అచ్చంగా మన ఇంటిది. ఊరుకోవడం.

దీనికి మన భాషలో ఎన్ని రూపాలో చూడండి. మిన్నకుండడం, కిమ్మనకపోవడం, కిక్కురుమనకపోవడం, పెదవి విప్పకపోవడం, నోరు మెదపకపోవడం, ఉలుకూ పలుకూ లేకపోవడం. రాయలసీమలో గమ్మునుండమంటారు, తెలంగాణలో సప్పుడు జెయ్యకంటారు. హిందీ నుంచి గప్‌చుప్ తెచ్చుకున్నాం. చాలదన్నట్టు బడిలో మాస్టారు బల్ల మీద బెత్తం కొట్టి సైలెన్స్ అంటారు. అది లాటిన్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చి, అక్కడినుంచి మన బడుల్లోకి వచ్చింది.

ఊరుకో అన్న మాటకు ఎన్ని గొంతులున్నాయో కూడా చూడండి. ఏడ్చే పసివాణ్ణి ఎత్తుకుని "ఊరుకో నాన్నా" అంటే ఓదార్పు. ఎవరైనా మన వంట మెచ్చుకుంటే "ఊరుకోండి వదినా, మీరు మరీనూ" అంటే మురిపెం. "ఊరుకుంటున్నాను కదా అని" అంటే హెచ్చరిక, "చూస్తూ ఊరుకోను" అంటే పోట్లాటే. కాని అన్నిటికంటె ఎక్కువగా ఈ మాట వినిపించేది ఆజ్ఞగా. "పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే నీకెందుకు, ఊరుకో." "ఆడపిల్లవి, ఊరుకో." "నలుగురూ వింటే బాగుండదు, ఊరుకో."

ఇంకో చిత్రం. ఊరక అన్న మాటకే రెండు అర్థాలున్నాయి. ఊరక ఉండడమంటే పలకకుండా ఉండడం. "ఊరికే వచ్చింది" అంటే వెల లేకుండా వచ్చిందని. మన భాషలో ఈ రెండూ ఒక్క మాటలోనే ఎందుకు ఇమిడిపోయాయో గాని, ఊరుకున్న మనిషి ఊరికే దొరికిన మనిషవడం మాత్రం నేను కళ్ళారా చూశాను.

మా పెద్దక్క సంగతి చెబుతాను. 1968లో మాట. సంక్రాంతి వెళ్ళిన వారంలో మా ఇంట్లో పెళ్ళిచూపులు జరిగాయి. అక్కకు పదిహేడేళ్ళు, పి.యు.సి. చదువుతోంది. పక్కింటినుంచి కుర్చీలు తెచ్చారు, హాల్లో జంపఖానా పరిచారు. నేను పరికిణీ కట్టుకుని తలుపు చాటున నిలబడి కేసరి తింటున్నాను. పెళ్ళివారికి పిల్ల నచ్చింది. అప్పుడు మా నాన్నగారు, ఆయన మంచివారే సుమండీ, ఆ రోజుల్లో చాలామంది తండ్రులు అడగనే అడగని మాట అడిగారు. "ఏమ్మా, నీకు ఇష్టమేనా?" అని. హాల్లో పదిమందీ అక్కవైపు చూశారు. అక్క తల వంచుకుని, పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ, బొటనవేలితో జంపఖానా అంచు మీద గీతలు గీస్తోంది. మాట లేదు. మా పెదనాన్నగారు తొడమీద చరిచి, "ఇంకేం, మౌనం అర్ధాంగీకారం! తాంబూలాలు తెప్పించండి" అన్నారు. అందరూ ఘొల్లున నవ్వారు. తాంబూలాల పళ్ళెం పట్టుకొచ్చింది నేనే.

ఫాల్గుణంలో పెళ్ళైపోయింది. అక్క పరీక్ష రాయలేదు.

ముప్పై ఏళ్ళ తరవాత ఒక వేసవిలో ఇద్దరం డాబా మీద వడియాలు పెడుతున్నాం. ఎందుకో ఆ రోజు జ్ఞాపకం వచ్చి, "అక్కా, నాన్నగారు అడిగినప్పుడు నువ్వు అంత మౌనంగా ఎందుకున్నావే?" అన్నాను. అది వడియాల పిండి చేత్తో నావైపు చూసి, "మౌనమేమిటే? నేను ఊరుకున్నాను. ముందురోజు రాత్రి జడ అల్లుతూ అమ్మ చెప్పింది, రేపు నాన్నగారు అడుగుతారు, నువ్వేం మాట్లాడకు, ఊరుకో అని" అంది.

"మాట్లాడి ఉంటే ఏమనేదానివి?"

"ఏముంది? మార్చిలో పరీక్షలున్నాయి నాన్నగారూ, అవి రాసేశాక చూద్దామనేదాన్ని. అంతే. మీ బావగారు వద్దని కాదు. ఆయన మంచివారే. అడిగితే రెండు నెలలు ఆగేవారు కూడాను."

రెండు నెలలు! వద్దని కాదు, ఏడుపు కాదు, ఎదురుతిరగడం కాదు. రెండు నెలల గడువు. ఆ ఒక్క మాట దాని నోట్లోంచి రావడానికి మా ఇంట్లో దారి లేకపోయింది. ఆ పరీక్షకు కట్టిన ఫీజు రసీదు అక్క ట్రంకుపెట్టె అడుగున ఇంకా ఉంది. నాకు చూపించింది. కాగితం పచ్చబడిపోయింది.

మా అమ్మను తప్పు పట్టలేను. ఆమెకు వాళ్ళమ్మ ఏం చెప్పిందో అదే చెప్పింది. నాన్నగారినీ తప్పు పట్టలేను, ఆయన అడిగారు. పొరపాటంతా ఆ సామెతలో ఉంది. కాదు, సామెతను మనం అర్థం చేసుకున్న తీరులో ఉంది. అర్ధాంగీకారం అంటే ఏమిటి? అర్ధ, అంగీకారం. ఇక్కడ 'ధ' కి ఒత్తు, 'థ' కాదు. అర్ధమంటే సగం. మౌనం సగం అంగీకారమని సామెతే ఒప్పుకుంటోంది. మరి మిగతా సగం ఏమైనట్టు? తాంబూలాలు మాత్రం పూర్తిగా పుచ్చేసుకున్నామే! సగం సరుక్కి నిండు రసీదు రాసిచ్చే కొట్టు ఎక్కడైనా ఉంటుందా? మావారైతే, "అర్ధాంగీకారంలో అర్ధాంగి ఉంది, కారమూ ఉంది, జాగ్రత్తగా ఉండాలి" అంటారు. హాస్యానికే అన్నా, ఆ కారం తరవాత ఎప్పుడో ఒకప్పుడు బయటికి రాక మానదు.

ఎలా వస్తుందంటారా? ముభావంగా వస్తుంది. నోటిదాకా వచ్చినది మింగి మింగి, ఒకనాటికి భార్యాభర్తలు ఒకరితో ఒకరు మాట్లాడడం మానేస్తారు. మధ్యలో పసివాడు రాయబారి. "వడ్డించానని మీ నాన్నగారితో చెప్పు." "ఆకలి లేదని మీ అమ్మతో చెప్పు." ఇద్దరి మధ్యా ఉన్నది నాలుగు గజాలు. పైవాళ్ళు చూసి, పాపం, ఆవిడ ఎంత నెమ్మదస్తురాలో, నోట్లో నాలుకే లేదంటారు. "ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు" అని సామెత ఉండనే ఉంది. బోడిగుండు సుఖమే కాబోలు, కాని ఎవరికి వారు మొక్కుకుని చేయించుకుంటే సుఖం. ఒకరు పట్టుకుని గీకిస్తే సుఖమెలా అవుతుంది?

అడిగినవారికి జవాబు చెప్పకపోవడం ఆడవాళ్ళకే పరిమితం కాదు లెండి. భారతంలో ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చినప్పుడు ఆమె ఊరుకోలేదు. తనను తాను ఓడిపోయిన తరవాత ధర్మరాజుకు నన్ను ఒడ్డే హక్కు ఉందా అని నిండు సభలో ప్రశ్న వేసింది. భీష్ముడు ధర్మం సూక్ష్మమని తప్పించుకున్నాడు. తక్కిన పెద్దలు నేలచూపులు చూశారు. విదురుడూ, దుర్యోధనుడి తమ్ముడే అయిన వికర్ణుడూ మాత్రం నోరు విప్పారు. ఆ పెద్దల పలకకపోవడాన్ని మౌనమని గౌరవిద్దామా? వాళ్ళూ ఊరుకున్నారు, అంతే. ఉప్పు తిన్నందుకు ఊరుకున్నారు. మాట్లాడగలిగిన వాళ్ళు ఊరుకోవడం వేరు, మాట్లాడనివ్వకపోతే ఊరుకోవడం వేరు. పైకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. అందుకే మౌనం కనిపించగానే తీర్పు చెప్పెయ్యకూడదు. అది ఏ రకమో అడిగి తెలుసుకోవాలి.

ఆ అడగడం ఎలాగో మా అమ్మాయి దగ్గర నేర్చుకున్నాను. దానికీ పెళ్ళిచూపులు జరిగాయి. అప్పటికి ఉద్యోగం చేస్తోంది. వాళ్ళు వెళ్ళాక "ఏమంటావే?" అంటే మాట్లాడకుండా లేచి పెరట్లోకి వెళ్ళింది. మావారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "మౌనం అర్ధాంగీకారమంటారు కదా" అన్నారు. నాకు ఒక్కసారి ఆ పచ్చబడిన రసీదు కళ్ళముందు ఆడింది. "మిగతా సగం అడిగి వస్తాను, ఉండండి" అని నేనూ పెరట్లోకి వెళ్ళాను.

వెళ్ళి ఏమీ అడగలేదు. చిక్కుడుకాయల చేట ముందేసుకుని దాని పక్కన కూర్చుని ఈనెలు తీస్తున్నాను. అదీ తీసింది. ఎదురెదురుగా కూర్చుని కళ్ళలోకి చూస్తూ అడిగితే రాని మాట, పక్కపక్కన కూర్చుని పని చేసుకుంటే వస్తుంది. అరగంట గడిచింది. చేటలో కాయలు అయిపోవచ్చాయి. అప్పుడంది, "అబ్బాయి బాగానే ఉన్నాడమ్మా. కాని వాళ్ళమ్మగారు పెళ్ళయ్యాక ఉద్యోగం ఎందుకులే అన్నప్పుడు అతను నావైపు చూసి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడానికి అర్థం ఏమిటో నాన్నగారిని కనుక్కోమను" అని.

కనుక్కున్నాం. ఉద్యోగం మానిపించాలనే వాళ్ళ ఉద్దేశం. అబ్బాయికి మానిపించాలని లేదు, తల్లికి ఎదురు చెప్పలేక ఊరుకున్నాడు. ఇప్పుడు చెప్పలేనివాడు రేపు చెప్పగలడా అంది మా అమ్మాయి. ఆ సంబంధం వదులుకున్నాం. కోపతాపాలు లేవు. ఏడాది తిరిగాక ఇంకో సంబంధం కుదిరింది, ఈసారి పిల్ల తనకు తానే "సరే" అంది. ఆ "సరే" అన్న రెండక్షరాలు విన్నాక నాకు కలిగిన నిశ్చింత ఏ తాంబూలాలతోనూ కలగలేదు.

కనక సోదరీమణులారా, నేను విన్నవించుకునేది చిన్న సంగతే. పిల్లల్ని ఇష్టాయిష్టాలు అడిగేటప్పుడు పదిమందిలో అడగకండి. అడిగి ఆగండి. జవాబు రాకపోతే జవాబు రాలేదనే అనుకోండి, అవునని అనుకోకండి. ఏడ్చే పిల్లకు "ఊరుకో" అనేముందు "ఏమైంది?" అనండి. ఇది పెళ్ళికే కాదు, చదువుకూ, ఉద్యోగానికీ, ఒంట్లో బాగాలేకపోవడానికీ అన్నిటికీ వర్తిస్తుంది.

అంటే ఇక రోజంతా మాట్లాడుతూనే ఉండమని నేననడం లేదు. మనకు మౌనం తప్పకుండా కావాలి. తెల్లవారుజామున అందరూ లేవకముందు కాఫీ గ్లాసు పట్టుకుని వెనక గుమ్మంలో కూర్చునే ఆ పది నిమిషాలుంటాయే, అది మీ సొంతం. దాన్ని ఎవరికీ ఇచ్చుకోకండి. అప్పుడు ఎవరైనా లేచి వచ్చి, "ఏమిటలా కూర్చున్నావు?" అని అడిగితే, మనకు అలవాటైన జవాబు ఒకటుంది, "ఏం లేదు, ఊరికే" అని. రేపటినుంచి ఆ మాట మానేసి చూడండి. "ఆలోచించుకుంటున్నాను" అనండి. మౌనమనే మాటకు మొదటినుంచీ ఉన్న అర్థం అదే కదా!